ముట్టుకోనివ్వని సైన్సు

చిత్తూరు జిల్లా కుప్పం పక్క పల్లెల్లో కష్టం చెప్పమంటే ఎవరైనా నీళ్లతోనే మొదలుపెడతారు. వెయ్యి అడుగులు దింపినా తడి తగలని బోర్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే పాలారు, కౌండిన్య అడవి దిగివచ్చి చేలు తొక్కిపోయే ఏనుగులు, తెల్లారకముందే బెంగుళూరు రైలెక్కే కూలీలు. హంద్రీ–నీవా నీళ్లు ఇక్కడిదాకా రావడానికి ఒక తరం కాలం పట్టింది. వీటన్నిటి మీదా సభలు జరిగాయి, ఓట్లు అడిగారు, వాగ్దానాలు చేశారు.

ఇంకో కష్టం ఉంది. దాని గురించి ఎవరూ రోడ్డెక్కి కూర్చోలేదు. పదేళ్లు బడికి వెళ్లి, సైన్సులో మంచి మార్కులే తెచ్చుకుని, సూక్ష్మదర్శినిలోకి ఒక్కసారి కూడా కన్ను పెట్టి చూడకుండా బయటికి వచ్చేసిన పిల్లల కష్టం అది. ఉల్లిపొర కణం బొమ్మ వాళ్లు కళ్లు మూసుకుని గీయగలరు, భాగాలన్నీ గుర్తించగలరు. ఉల్లిపాయ రోజూ ఇంట్లో తరుగుతారు. ఆ రెండింటినీ కలిపే ఒక్క గాజుపలక మాత్రం వాళ్ల చేతికి అందదు. ఇది కుప్పం ఒక్కదాని సంగతి కాదు. ఆదిలాబాద్ గూడేల్లోనూ, పాడేరు కొండల మీదా, పాలమూరు తండాల్లోనూ ఇదే కథ. కుప్పం గురించే రాయడానికి ఒక కారణం ఉంది. ఈ కష్టాన్ని కష్టంగా గుర్తించి, పాతికేళ్లుగా దాని మీద పని చేస్తున్న ఒక సంస్థ ఇక్కడి గుట్టల మధ్యే పుట్టి పెరిగింది.

సంస్థ దగ్గరికి వెళ్లేముందు బడిలో సైన్సు సామాను బీరువా దగ్గర కాసేపు ఆగాలి.

మన సర్కారు బళ్లకు సైన్సు సామాను ఎప్పుడూ అందలేదని అనుకుంటే పొరపాటు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పేరుతో దేశమంతటా ప్రాథమిక పాఠశాలలకు సైన్సు కిట్లు, లెక్కల కిట్లు, చిన్న పనిముట్ల పెట్టెలు పంపారు. ఆ తర్వాత కూడా విడతలు విడతలుగా పథకాలు వచ్చాయి. హైస్కూళ్లకు బీకర్లు, కటకాలు, దండాయస్కాంతాలు, మానవ గుండె నమూనాలు చేరాయి. చేరినవన్నీ స్టాకు రిజిస్టరులోకి ఎక్కాయి. కష్టం మొదలయ్యేది అక్కడే. రిజిస్టరులో ఎక్కిన ప్రతి వస్తువుకూ హెడ్మాస్టరు జవాబుదారీ. ఆడిట్ వచ్చిననాడు అన్నీ లెక్కకు రావాలి. పిల్లవాడి చేతిలో బీకరు పగిలితే ఆ డబ్బు ఎవరు కట్టాలన్నదానికి స్పష్టమైన సమాధానం ఉండదు. అందుకని బీరువాకి తాళం పడింది. తాళంచెవి ఆఫీసు సొరుగులో ఉండిపోయింది. ఏళ్ల తర్వాత తీసి చూస్తే అయస్కాంతాలు బలం కోల్పోయి, లిట్మస్ కాగితాలు రంగు వెలిసి, రసాయనాలు సీసాల్లోనే గడ్డకట్టి ఉంటాయి. రిజిస్టరులో మాత్రం అన్నీ భద్రం.

ఇందులో అయివార్ల తప్పు ఎంతని వెతకడం నాకు న్యాయంగా తోచదు. ఒకే సారు భౌతికశాస్త్రం చెప్పి, లెక్కలు చెప్పి, మధ్యాహ్న భోజనం లెక్క రాసి, ఎన్నికల డ్యూటీకి వెళ్లి, హాజరు ఫొటోలు యాప్‌లో ఎక్కించాలి. పదో తరగతి పరీక్షలో ప్రయోగం చేసి చూపించమని ఎవరూ అడగరు, రాసి చూపించమంటారు. రాసేదానికి గైడు చాలు. ఇంటర్‌కి వెళ్తే సబ్జెక్టుకి 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉంటాయి. అక్కడ నిజంగా ఎంతమంది బ్యూరెట్ పట్టుకుని చుక్కచుక్కగా వదిలి చూస్తున్నారో, ఎంతమంది రికార్డు చూసి రికార్డు ఎక్కిస్తున్నారో తెలుగునాట ఇంటర్ చదివిన ఎవరికైనా తెలుసు. నేను చదివిన హైస్కూల్లో కూడా అద్దాల బీరువాలో ఒక పట్టకం ఉండేది. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడితే దాని అంచున ఎరుపూ ఊదా కనిపించేవి. అద్దానికి ముక్కు ఆనించి చూసేవాళ్లం. దాన్ని ఎప్పుడూ బయటికి తియ్యలేదు. వర్ణవిక్షేపణం పాఠం అదే గదిలో, అదే బీరువాకి వీపు పెట్టి విన్నాం.

డబ్బున్న ఇంటి పిల్లలకు ఈ లోటును ఇల్లు కొంత పూడుస్తుంది. వాళ్లకు ఆటబొమ్మల మోటార్లుంటాయి, నగరంలో బిర్లా ప్లానిటోరియం ఉంటుంది, ఫోనులో వీడియోలుంటాయి, చదువుకున్న మేనమామ ఉంటాడు. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసే ఇంట్లో, గ్రానైటు క్వారీలో రాయి కొట్టే ఇంట్లో ఆ పని చేసేదెవరు? కుప్పం గ్రీన్ అనే పేరుతో ఇక్కడి రాయి దేశదేశాలకూ పోతుంది. ఆ రాయి ఎందుకు పచ్చగా ఉందో, ఎన్ని కోట్ల ఏళ్ల కిందటిదో దాన్ని కోసేవాళ్ల పిల్లలకు ఎవరూ చెప్పరు.

కుప్పం మూడు రాష్ట్రాల ముడి మీద ఉంది. ఒక పక్క కర్ణాటక బంగారు గనుల ఊళ్లు, ఇంకో పక్క తమిళనాడు కృష్ణగిరి. ఇంట్లో అరవం, బజారులో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు ఇక్కడ వింత కాదు. ఇప్పుడు దాని మీద ఇంగ్లీషు మీడియం వచ్చి చేరింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. మంచిదే. అయినా రెండు భాషల్లోనూ అర్థంకాని మాట ఒకటుంటే రెండు పేజీలూ ఒకటే. "రెసిస్టెన్స్" అన్నా "నిరోధం" అన్నా, సన్న తీగ వేడెక్కి వేలికి చురుక్కుమన్నప్పుడే అది ఏమిటో తెలుస్తుంది.

1990ల చివర్లో, 2000ల మొదట్లో కుప్పం ఒక ప్రయోగశాల లాంటిదే. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం కావడంతో బయటి చూపులు ఇటు తిరిగాయి. ఇజ్రాయెల్ పద్ధతిలో బిందుసేద్యం ఇక్కడ చేసి చూపించారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ మూడేళ్ల గడువుతో 'ఐ–కమ్యూనిటీ' మొదలుపెట్టి, పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు తెరిచింది, ఆడవాళ్లకు సౌరశక్తితో నడిచే ప్రింటర్లూ డిజిటల్ కెమెరాలూ ఇచ్చి ఫొటోలు తీయించింది. ఇలాంటివి వచ్చాయి, కొన్నాళ్లు నడిచాయి, గడువు తీరాక వెళ్లాయి. పైలట్ ప్రాజెక్టు అనే మాట ఇక్కడి వాళ్లకు బాగా పరిచయం. వచ్చేవాళ్లను మర్యాదగా చూస్తారు, ఎన్నాళ్లుంటారో మనసులో లెక్కేసుకుంటారు.

ఆ రోజుల్లోనే, 1999లో, అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పుట్టింది. ముందు నిలబడిన మనిషి రామ్‌జీ రాఘవన్. విదేశాల్లో బ్యాంకింగ్ ఉద్యోగం వదిలి తిరిగొచ్చినవాడు. చిన్నప్పుడు ఇదే చిత్తూరు సీమలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివాడు. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో నడిచే ఆ బడిలో పిల్లలు గుట్టలెక్కి, పిట్టల్ని చూసి, అడిగి తెలుసుకుంటూ చదువుకుంటారు. అలాంటి చదువు ఫీజు కట్టగలిగినవాళ్లకే ఎందుకు మిగిలిపోవాలన్నది అగస్త్య వెనకున్న ప్రశ్న. అణుశక్తి సంఘం మాజీ అధ్యక్షుడు పి.కె. అయ్యంగార్ లాంటి శాస్త్రవేత్తలు తోడు నిలిచారు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాలు ప్రభుత్వం కేటాయించింది.

ఆ 172 ఎకరాలూ అప్పటికి బోడి నేల. రాళ్లు, తుప్పలు, వాన పడితే మట్టితో సహా జారిపోయే వాలు. మొదటి ఆలోచన ఒక మేలైన బడి కట్టడం. కట్టి ఉంటే కొన్ని వందల మంది పిల్లలు బాగుపడేవాళ్లు. మిగిలిన లక్షల మంది సంగతి అలాగే ఉండేది. బడి కట్టడానికి బదులు బళ్ల దగ్గరికే వెళ్లాలన్న నిర్ణయం ఈ సంస్థ నడకను మార్చింది. ఒక వ్యానులో ప్రయోగాల సామాను నింపి, ఒక బోధకుణ్నీ డ్రైవరునూ ఎక్కించి, ఊరూరికీ పంపడం మొదలైంది. సంచార ప్రయోగశాల అన్నది పెద్ద పేరు. ఊళ్లో పిల్లలకు అది సైన్సు బండి.

బండి వచ్చిన రోజు బడి ఎలా ఉంటుందో చెప్పాలి. బల్లలు బయటికొస్తాయి, వేపచెట్టు కిందో వరండాలోనో వేస్తారు. పెట్టెలు దిగుతాయి. వాటిలో ఖరీదైనవి తక్కువ. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, మీద పోస్టుకార్డు మూసి, బోర్లించి చెయ్యి తీసేస్తారు. నీళ్లు కారవు. ముందు వరసలో పిల్లలు తడుస్తామేమోనని వెనక్కి జరిగి, తర్వాత ముందుకొస్తారు. అప్పుడు బోధకుడు జవాబు చెప్పేయకుండా గ్లాసు వాళ్ల చేతికిస్తాడు. ఒకడు సగం నీళ్లతో చేస్తాడు. ఒకతె కార్డు తడిసి మెత్తబడేదాకా పట్టుకుని చూస్తుంది. ఒకరి గ్లాసు జారి పగులుతుంది. ఎవరూ కొట్టరు. చీపురు తెచ్చి ఊడ్చి, ఇంకో గ్లాసు తీస్తారు. నన్నడిగితే ఈ సంస్థ చేసిన పనులన్నిటిలోకీ అన్నిటికంటే విలువైనది ఆ ఇంకో గ్లాసే. వస్తువు పగిలినా పిల్లవాడి మీద నేరం పడని చోట సైన్సు మొదలవుతుంది. మన బీరువా పద్ధతి పిల్లలకు దక్కకుండా చేసింది దాన్నే.

ఆమ్లాలు, క్షారాల పాఠం తీసుకోండి. పుస్తకంలో ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ అని ఉంటుంది. ఆ సీసాలు లేవు కాబట్టి ప్రయోగం లేదని మన బళ్లలో పాఠం అక్కడ ఆగుతుంది. పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని తెలియని తెలుగు పిల్ల ఉంటుందా? హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపేదీ అలాగే. పసుపు రాసిన కాగితం మీద సున్నపు నీటి చుక్క వేస్తే ఎరుపు, దాని మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. సబ్బునీళ్లతో ఏమవుతుంది? బూడిద నీళ్లతో? చింతపండు రసంతో? ఇది ఖర్చులేని పాఠం, అయినా పాఠం కంటే పెద్దది. తన ఇంట్లో, తన అవ్వ చేతిలో ఉన్నది రసాయనశాస్త్రమేనని పిల్లకు తెలుస్తుంది. అగస్త్య బండ్లలో వాడే నమూనాల్లో చాలా మటుకు ఈ దారిలోవే. స్ట్రాలు, సైకిలు ట్యూబు ముక్కలు, అట్టపెట్టెలు, బెలూన్లు. పారేసే వస్తువులతో సైన్సు ఆటవస్తువులు చేసి చూపిన అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మన బళ్లలో ఆ పుస్తకాలు ఎన్ని చేతుల్లో నలిగాయో అనుకుంటే బాధ కలుగుతుంది.

ఒక బండి పది బండ్లయింది, పది వంద దాటాయి. వ్యాను పోలేని దారులకు మోటారుసైకిలు మీద పెట్టె కట్టి పంపారు. ఆ మోటారుసైకిలు ప్రయోగశాలల ఆలోచనకు 2013లో గూగుల్ భారతదేశంలో నిర్వహించిన ఇంపాక్ట్ ఛాలెంజ్‌లో 3 కోట్ల రూపాయల పురస్కారం వచ్చింది. షేర్ల వ్యాపారి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా లాంటి దాతలు పెద్ద మొత్తాలు ఇచ్చారు. హుబ్బళ్లిలో దేశ్‌పాండే ఫౌండేషన్ తోడ్పాటుతో ఉత్తర కర్ణాటకలో పని పెరిగింది. ఇప్పుడు సంస్థ పని 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది, చేరుకున్న పిల్లల లెక్క కోటి దాటి చాలా కాలమైంది. దేశంలో ఈ రకం పని చేసే సంస్థల్లో ఇంత విస్తరించినవి అరుదు.

గుడివంక నేల కూడా మారింది. వాలుల మీద వాననీటికి అడ్డుకట్టలు వేశారు, కుంటలు తవ్వారు, స్థానిక జాతుల మొక్కలు నాటారు. కర్ణాటక అటవీశాఖలో పనిచేసిన ఎ.ఎన్. యల్లప్పరెడ్డి అనుభవం ఇందులో ఉపయోగపడింది. ఇప్పుడక్కడ అడవి ఉంది, ఔషధ మొక్కల తోట ఉంది, పిట్టలు తిరిగొచ్చాయి. నీళ్లు లేవన్న సీమలో పడ్డ వాననే నిలబెట్టుకుంటే ఏమవుతుందో పిల్లలు కళ్లారా చూసే పాఠమది. మూడు రాష్ట్రాల సర్కారు బళ్లనుంచి రోజూ వందల మంది పిల్లలు బస్సుల్లో దిగుతారు. నక్షత్రశాల, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం గదులు, బొమ్మలు వేసే గది, విప్పి బిగించి చూసే గది తిరుగుతారు. ఏ భాష పిల్లలకు ఆ భాషలో చెప్తారు. 2017 డిసెంబరులో ఇక్కడే రామానుజన్ గణిత ఉద్యానం తెరిచారు. గణితవేత్త సుజాతా రామదొరై, గణితాన్ని పిల్లల్లోకి తీసుకువెళ్లే పనిలో ఏళ్లుగా ఉన్న వి.ఎస్.ఎస్. శాస్త్రి దీని వెనక ఉన్నారు. లెక్కల్ని కాళ్ల కింద తొక్కుతూ, చేతులతో తడుముతూ, చుట్టూ తిరిగి చూస్తూ నేర్చుకునే తోట అది. తొమ్మిదో ఎక్కం దగ్గర దెబ్బలు తిని లెక్కలంటే వణికిపోయే పిల్లల్ని ఎంతమందిని చూస్తున్నాం? వాళ్లకోసమైనా ప్రతి జిల్లాలో ఇలాంటిదొకటి ఉండాలి.

కట్టడాల కంటే నాకు ఎక్కువగా నచ్చినవి రెండున్నాయి.

ఒకటి, పిల్లలే పిల్లలకు చెప్పడం. ఎంపిక చేసిన హైస్కూలు పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, వాళ్లను చిన్న బోధకులుగా తయారుచేస్తారు. సైన్సు మేళాల్లో వాళ్లు బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్లకల్లా ఒకే ప్రయోగాన్ని రోజంతా చూపిస్తారు. నూరోసారి చెప్పేసరికి గొంతు నిలబడుతుంది. మొదటి పదిసార్లు కంఠస్థం చేసింది అప్పజెప్తారు, ఇరవయ్యోసారికి ఎవరో అడ్డంగా ఒక ప్రశ్న వేస్తారు, అప్పుడు నిజంగా ఆలోచన మొదలవుతుంది. ఎదుట నిలబడి వినేది తన వీధిలో కూలికెళ్లే అమ్మ కావచ్చు, సర్పంచి కావచ్చు, ఇంకో బడి మాస్టారు కావచ్చు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. వ్యాను చుట్టూ మూగినప్పుడు మగపిల్లలు ముందుకు తోసుకొస్తారు, ఆడపిల్లలు నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని వెనక నిలబడతారు. బల్ల వెనక నిలబడే పని ఆ పిల్లకు అప్పగిస్తే ఆమెను తోసే వీలు ఎవరికీ ఉండదు.

రెండోది ఆపరేషన్ వసంత. ఊళ్లోనే ఉండే చదువుకున్న యువతులు సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే ఏర్పాటు అది. ఇంటర్ దాకానో డిగ్రీ దాకానో చదివి, పెళ్లిచేసుకుని అత్తింట్లో ఉన్న ఆడవాళ్ల చదువు మన ఊళ్లలో ఎంత వృథాగా పోతోందో అందరికీ తెలుసు. పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఆ చదువు మళ్లీ పనికొచ్చే చోటు ఇది. పైగా, బండి వెళ్లిపోయాక కూడా ఊళ్లో మిగిలే మనిషి ఆమే.

బండి వెళ్లిపోతుంది. ఈ కథనంలో గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం. సైన్సు బండి ఏడాదిలో ఒక బడికి ఎన్నిసార్లు రాగలదు? బడి నడిచే మిగతా రోజులన్నీ పాత పద్ధతిలోనే సాగుతాయి. బండి వచ్చిన రోజు పిల్లల కళ్లలో కనిపించిన వెలుగును ఫొటో తీసి దాతలకు పంపవచ్చు. పదిహేను రోజుల తర్వాత అదే పిల్ల ఇంకో ప్రశ్నతో సారు దగ్గరికి వెళ్తే ఏం జరిగిందన్నది ఏ ఫొటోలోనూ ఉండదు. సారు "సిలబస్‌లో లేదు, కూర్చో" అంటే ఆ పిల్ల రెండోసారి అడగదు. అందుకే, కోటి మందిని చేరుకున్నామన్న అంకె ఎంత గొప్పదైనా, చేరుకోవడం వేరు, నిలవడం వేరు. ఈ సంస్థకు ఇది తెలియదని కాదు. ఉపాధ్యాయుల శిక్షణ, బళ్లలో స్థిరంగా ఉండే సైన్సు కేంద్రాలు, పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపే పెట్టెలు వాళ్ల పనిలో ఉన్నాయి. కరోనాతో బళ్లు మూతపడిన 2020లో ఇళ్లలో దొరికే వస్తువులతో చేసే ప్రయోగాలను ఫోను ద్వారా చూపించారు. ఇంట్లో ఫోను లేని పిల్లలకు ఆ కాలం ఎలా గడిచిందో వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇంకో ఇబ్బంది డబ్బు దగ్గరుంది. ఇంత విస్తరించిన సంస్థ కంపెనీల సామాజిక బాధ్యత నిధుల మీద, దాతల మీద నడుస్తుంది. ఆ నిధులకు అంకెలు కావాలి. ఎన్ని బళ్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని గంటలు. పైగా కంపెనీలకు తమ ఫ్యాక్టరీ ఉన్న చోట పని జరగాలని ఉంటుంది. ఫ్యాక్టరీ లేని ఊరికి ఆ లెక్కన బండి ఆలస్యంగా వస్తుంది, అసలు రాకపోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఏ పరిశ్రమా లేని మండలాలు ఎన్నున్నాయో, వాటిల్లోనే బళ్లు ఎలా ఉన్నాయో చూస్తే ఇది చిన్న సంగతి కాదని తెలుస్తుంది. ఊరి పిల్లకు సూక్ష్మదర్శిని అందడం అన్నది ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని.

ప్రభుత్వం చెయ్యలేదా? ఒకసారి చేసింది, మధ్యప్రదేశ్‌లో. 1972లో హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మిడిల్ స్కూళ్లలో ప్రయోగాలతోనే సైన్సు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టాయి. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తనదిగా తీసుకుంది. తర్వాత ఏకలవ్య సంస్థ బాధ్యత తీసుకుంది. అది వెయ్యి బళ్ల దాకా పాకింది. అక్కడ పిల్లలు నలుగురేసి ఒక జట్టు, జట్టుకో కిట్టు. పగిలినవి, అయిపోయినవి ఏటా మళ్లీ నింపడానికి ఏర్పాటు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి. ఉపాధ్యాయులు నెలకోసారి కలిసి ఏం పనిచేసిందో ఏది చెయ్యలేదో మాట్లాడుకునేవాళ్లు. అంటే బీరువా తాళం తీసే పద్ధతిని ఒక రాష్ట్ర విద్యాశాఖ ముప్ఫై ఏళ్లు నడిపి చూపించింది. 2002లో ఆ ప్రభుత్వమే దాన్ని ఆపేసింది. అగస్త్య తొలి అడుగులు వేస్తున్న కాలం అది. ఒకచోట ప్రభుత్వం దిగిపోయిన పనికి ఇంకోచోట ఒక స్వచ్ఛంద సంస్థ ఎక్కవలసి వచ్చింది. ఈ దేశంలో చదువు నడిచిన తీరంతా ఇందులో ఉంది.

తెలుగునేల మీద కూడా ఈ పనికి వేళ్లున్నాయి. 1988లో మొదలైన జనవిజ్ఞాన వేదిక ఊరూరా మూఢనమ్మకాల మీద, ఆరోగ్యం మీద ప్రదర్శనలిచ్చింది. అది నడిపే 'చెకుముకి' పత్రిక చదివి, చెకుముకి సంబరాల్లో పాల్గొని పెరిగిన తరం ఒకటి ఇప్పుడు బళ్లలో అయివార్లుగా ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం తయారుచేసిన కార్డుల పద్ధతిని పొరుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తీసుకుని వాడుకున్నాయి. 2008లో ట్రిపుల్ ఐటీలు వచ్చాక పల్లె బళ్లలో పది మొదటి వరసలో పాసైన పిల్లలకు నూజివీడు, ఇడుపులపాయ, బాసర దారి తెరుచుకుంది. అక్కడికి చేరే పిల్ల ఊళ్లో సైన్సును చేతులతో చేసి వస్తే ఆ మొదటి ఏడాది ఆమెకు అంత బరువుగా ఉండదు. 2016 నుంచి నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు ఇస్తోంది. బడికి 20 లక్షల రూపాయల సాయం. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, రోబో కిట్లు వస్తాయి. సంతోషమే. ఆ ప్రింటరు మీద గుడ్డ కప్పి, అధికారి వచ్చిననాడు తీసే బడి కూడా ఉంటుంది. అంత ఖరీదైన సామానుకు తాళం ఇంకా గట్టిగా పడుతుంది.

కాబట్టి ఊళ్లో తల్లిదండ్రులు, పాఠశాల యాజమాన్య కమిటీలో కూర్చునేవాళ్లు, పంచాయతీ సభ్యులు అడగవలసినవి పెద్ద పెద్ద ప్రశ్నలేమీ కావు. మా బడిలో సైన్సు సామాను ఏమేమి ఉంది? బీరువా చివరిసారి ఎప్పుడు తీశారు? వారానికి ఒక్క పీరియడు పిల్లల చేతికి సామాను ఇచ్చేలా టైంటేబుల్లో రాశారా? ఆడపిల్లలు కూడా ముట్టుకున్నారా? వీటిని ప్రతి సమావేశంలో అడిగి, జవాబు మినిట్సు పుస్తకంలో రాయించవచ్చు. దీనికి ఏ సంస్థా రానక్కర్లేదు.

విద్యాశాఖను అడగవలసింది ఒకటుంది. పగిలిపోయే సామానుకు ఏటా ఇంత అని ఒక తరుగు మొత్తం ప్రతి హైస్కూలుకూ ఇవ్వాలి, అది ఖర్చు కాకపోతే ఎందుకు కాలేదని హెడ్మాస్టరును అడగాలి. ఇప్పుడు ఆడిట్‌లో పగిలినదానికి సంజాయిషీ అడుగుతున్నారు. ఏడాది పొడవునా ఒక్క గాజుముక్క కూడా పగలని ల్యాబుకు అడగరు. అది తిరగబడాలి. పదో తరగతిలో కొన్ని మార్కులైనా చేసి చూపిన ప్రయోగానికి ఉండాలి, ఆ ప్రయోగం ఊళ్లో దొరికే వస్తువులతో అయ్యేదిగా ఉండాలి, చూసేది పొరుగు బడి మాస్టారు కావాలి. ఖాళీగా ఉన్న సైన్సు పోస్టులు నింపాలి, ఉన్న మాస్టార్లకు గుడివంక లాంటి చోట వారం రోజులు పిల్లలతో కలిసి పనిచేసే అవకాశం ఇవ్వాలి. స్వచ్ఛంద సంస్థల బండ్లు అప్పుడు కూడా రావచ్చు. అప్పటికి పిల్లలు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి, బండి తెచ్చే పెట్టెలూ మారవలసి వస్తుంది.